మొగ దగ్గర మూడు రోజులు

మాది బుచ్చిరెడ్డిపాలెం. సముద్రం మాకు నలభై కిలోమీటర్లుంటుంది. నాకు నలభై ఏళ్లు వచ్చేసరికి దాన్ని చూసింది అయిదే సార్లు. అయిదు సార్లూ పొద్దు గూకకముందే తిరిగి వచ్చేశాం, ఇంట్లో పొయ్యి వెలిగించాలి గనక. తెల్లవారుజామున సముద్రం ఏ రంగులో ఉంటుందో, మనం వెళ్లిపోయాక అది ఏం చేస్తూ ఉంటుందో నాకు తెలియదు. మొన్న ఫిబ్రవరిలో తెలిసింది. మూడు పగళ్లు, రెండు రాత్రులు, గుడ్డతో కట్టిన ఇంట్లో నలుగురం ఉండి వచ్చాం. వెళ్లాలనుకుని వెళ్లలేకపోయిన ఆడవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

మిద్దె మీద

టెంటు మాట మొదట తెచ్చింది మా అమ్మాయి హర్షిత. తొమ్మిదో తరగతి, బళ్లో ఎన్‌సీసీ. డిసెంబరులో పదిరోజుల క్యాంపుకు పోయి వచ్చి, "అమ్మా, నేల మీద చెవి పెట్టి పడుకుంటే ఎవరన్నా నడిచొస్తుంటే తెలుస్తుంది తెలుసా?" అంది. ఆ ఒక్క మాటే చెప్పింది. తర్వాత క్యాంపు గురించి మరి నోరెత్తలేదు. ముఖ్యంగా వాళ్ల నాన్న ఇంట్లో ఉన్నప్పుడు.

మా ఆయన పెంచలయ్య బియ్యం మిల్లులో ఆపరేటరు. ఇరవై ఏళ్లుగా అదే పని. పొద్దున ఏడింటికి మిషన్ల మధ్యకు వెళితే రాత్రి ఎనిమిదికి వస్తారు. వచ్చాక టీవీ పెడితే వీధి చివరి వరకూ వార్తలు వినిపిస్తాయి. మేం ఏదైనా చెబితే తల ఊపుతారు. ఒక్కోసారి అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. "చిన్నోడికి జరం వచ్చిందయ్యా" అంటే "ఆ, నెయ్యి బాగుంది" అంటారు. ఇంకాస్త గట్టిగా చెబితే, "ఎందుకు మే అట్ట అరుస్తావు? చెవుడా నాకు?" అని కోపం. మామూలుగా చెబితే, "గొణగబాక" అని కోపం. రెండేళ్ల కిందట ఒకసారి డాక్టరు మాట ఎత్తాను. ఆ పూట అన్నం ముట్టుకోలేదు. మళ్లీ ఎత్తలేదు.

దానివల్ల ఇంట్లో ఏం జరిగిందంటే, మా ఎనిమిదేళ్ల అభి అన్నీ అరిచి చెప్పడం నేర్చుకున్నాడు. బళ్లో టీచరు వాడి డైరీలో ఆ సంగతి రాసి పంపింది. హర్షిత మాత్రం చెప్పడమే మానేసింది. నేను ఇద్దరి మధ్యా నిలబడి మాటలు మోస్తూ ఉన్నాను.

కోతలకు ముందు మిల్లు మూడు రోజులు రిపేరుకు ఆపుతారని తెలియగానే నేను టెంటు కొన్నాను. ఫోనులో చూసి రెండువేల ఎనిమిది వందలకు తెప్పించాను. టీవీ లేని చోట, మిల్లు లేని చోట, నలుగురం ఒకే గుడ్డ కింద మూడు రోజులు ఉంటే ఎక్కడో ఒకచోట ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోక తప్పదు కదా. నా ఆశ అది.

ఆయన ఒప్పుకోవడమే నాకు ఆశ్చర్యం. "సముద్రం కాడికా? పోదాం" అన్నారు. సరిగ్గా విన్నారో లేదోనని మూడుసార్లు అడిగాను. విన్నారు.

ఇక పదిహేను రోజులు నేను ఈ లోకంలో లేను. అభి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకుంటూ పోయాను. బియ్యం కడిగి, నీడలో ఆరబోసి, పూటకొక పొట్లం కట్టాను. చింతపండు గుజ్జు తీసి, పోపు పెట్టి, నూనె తేలేదాకా ఉడికించి సీసాకెత్తాను. కందిపొడి, కారప్పొడి, నెయ్యి, గాజు సీసా పగిలితే ఎలాగని ఇంకో ప్లాస్టిక్ సీసా. మిద్దె మీద మూడు ఇటుకలు పేర్చి పుల్లల పొయ్యి అలవాటు చేసుకున్నాను. నీళ్ల ట్యాంకు ఒక వైపంతా మసి పట్టింది. టెంటు మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాం. హర్షిత మాట్లాడకుండానే కట్టడం నేర్పింది.

ఎదురింటి రాజమ్మక్క పిట్టగోడ మీంచి చూసి, "ఏంది మే ఇది? ఇల్లు కాలిపోయినోళ్లు గదా ఇట్ట గుడ్డ కింద పండుకునేది! లక్షణంగా ఇల్లు పెట్టుకోని నీకేం కర్మ?" అంది.

"మూడు రోజులే గదక్కా."

"మరి దొడ్డికో?"

యాత్రల గురించి రాసేవాళ్లెవరూ ఈ ప్రశ్న రాయరు. ఆడవాళ్లకు మాత్రం మొదటి ప్రశ్న అదే. నా నోటుబుక్కులోనూ దానికే ఒక పేజీ ఉంది, కింద జవాబు లేకుండా.

ఆఖరి వారం రోజులు మధ్యాహ్నం పని అయిపోయాక ఆ టెంటులోకి దూరి పడుకునేదాన్ని. నారింజ రంగు గుడ్డలోంచి ఎండ వడగట్టినట్టు దిగేది. చేతులు, గాజులు, చీర, అన్నీ పండిన బొప్పాయి రంగులోకి మారిపోయేవి. కింద వీధిలో కూరగాయల బండి కేకలు ఎక్కడో వేరే ఊళ్లోంచి వస్తున్నట్టు ఉండేవి. ఇంటి పైనే ఉన్నాను, ఇంట్లో లేను. పెళ్లయ్యాక అటువంటి అరగంట నాకు దొరకడం అదే మొదలు.

తోటపల్లి గూడూరు దాకా

శుక్రవారం పొద్దున మా తమ్ముడి ట్రాలీ ఆటోలో సామానుతో సహా బయలుదేరాం. ఆయనే నడిపారు. పిల్లలు వెనక మూటల మీద, నేను ముందు పక్కన.

నెల్లూరు దాటాక ఒక బస్సు వెనక నుంచి హారన్ కొడుతూనే ఉంది. ఆయన పక్కకు తియ్యలేదు. బస్సు విసుక్కుని మమ్మల్ని ఒరుసుకుంటూ ముందుకు పోయినప్పుడు ఆటో మట్టిలోకి దిగి ఊగింది. "చూడు, హారన్ కూడా కొట్టకుండా ఎట్ట పోయినాడో!" అన్నారు ఆయన. వెనక్కి తిరిగి చూశాను. అభి నోరు తెరవబోతుంటే హర్షిత వాడి చెయ్యి పట్టుకుంది.

తోటపల్లి గూడూరు వైపు దారంతా వరి. మా ఊరి వరే, కానీ మా దగ్గర పచ్చదనం గట్ల దగ్గర ఆగుతుంది. ఇక్కడ ఆగదు. ఉన్నట్టుండి పచ్చ పోయి నీళ్ల చదరాలు మొదలవుతాయి, అవి రొయ్యల గుంటలు. ఒక్కో గుంటలో చక్రాలు తిరుగుతూ నీళ్లను తెల్లగా చిమ్ముతున్నాయి. పొగమంచు ఇంకా పూర్తిగా లేవలేదు. ఆ తెల్లటి గాలిలో, తెల్లటి నీళ్ల మధ్య చక్రాలు ఏ ఆధారమూ లేకుండా వాటంతటవే తిరుగుతున్నట్టు కనిపించాయి.

ఒక గట్టు పక్కన తాజా రొయ్యలు అమ్ముతుంటే ఆగాం. కిలో మూడు వందల యాభై అన్నాడు ఆ మనిషి. మా ఆయన రెండు వందల యాభై చేతిలో పెట్టి బేరం కుదిరినట్టే సంచి అందుకున్నారు. అతని మొహం మారింది. "పెద్దమనిషివి, ఇదేందన్నా?" అన్నాడు. ఆయన నవ్వి తల ఊపారు. నేను వెనకగా ఇంకో వంద అందించి, "తప్పుగా అనుకోబాకన్నా" అన్నాను. 

పాలెం

కోడూరు దాటి సరుగుడు తోపుల్లోంచి ఇసుక బాట పట్టుకుని పోతే ఒక చేపల పాలెం వస్తుంది. యాభై అరవై ఇళ్లు. పాలెం చివర ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును మొగ అంటారు. మొగకు అవతల ఒక ఇసుక దిబ్బ. ఆటు వేళ మోకాటి లోతులో నడిచి దాటొచ్చు.

అడగకుండా గుడారం వేయడం మర్యాద కాదని ముందు పాలెం పెద్ద దగ్గరకు వెళ్లాం. వల బాగు చేస్తున్న ముసలాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "మీకు ఇల్లు లేదా?" అన్నాడు. ఉందన్నాం. "మరి ఎందుకంటా?" అని అడుగుతూనే ఆయన నవ్వేసి ఒప్పుకున్నాడు. "సరుగుడు చెట్ల కింద వేసుకోండి. సీసాలు పారెయ్యబాకండి. మొగ దాటి మాత్రం పోబాకండి, పోటు వేళ నీళ్లు చెప్పి రావు." మా ఆయన అన్నిటికీ తల ఊపారు.

పోలమ్మ మాకు అక్కడే దొరికింది. నాకంటే పదేళ్లు పెద్దది, ముక్కుకు రెండు వైపులా పుడకలు, నడుముకు బిగించిన కొంగు. నా నోటుబుక్కులో జవాబు లేని పేజీకి జవాబు ఆమే చెప్పింది. "మా ఇంటి వెనక ఉండాది. అడిగేదేంది, రా." అంతే. పదిహేను రోజుల బెంగ ఒక్క మాటతో పోయింది.

టెంటు మిద్దె మీద నిలిచింది గానీ ఇక్కడ నిలవలేదు. మేకులు ఇసుకలో దిగడం ఎంత సులువో, ఊడి రావడం అంత సులువు. గాలి ఒక్కసారి లోపలికి దూరిందంటే నారింజ రంగు గుడ్డ లేచి, పొర్లుతూ, సముద్రం వైపు పరుగు పెట్టింది. పిల్లలిద్దరూ దాని వెనక. హర్షిత అంత గట్టిగా నవ్వడం నేను విని రెండు నెలలైంది. పోలమ్మ మొగుడు జాలయ్య దాన్ని కాలితో తొక్కి పట్టుకున్నాడు. ఖాళీ బస్తాల్లో ఇసుక నింపించి, తాళ్లు వాటికి కట్టి, బస్తాల్నే పాతిపెట్టించాడు. "పడవ లంగరు ఎట్టనో ఇదీ అట్టనే" అన్నాడు.

సాయంత్రం రొయ్యలు శుభ్రం చేసి, పొయ్యి రాజేసి, చింతపండు గుజ్జు పోసి, ఉప్పు కోసం చెయ్యి చాపితే ఉప్పు లేదు. పది రోజులకు సరిపడా సామాను తెచ్చినదాన్ని, సముద్రం ఒడ్డున కూర్చుని ఉప్పు లేదని నెత్తి కొట్టుకున్నాను. పోలమ్మ ఇంటికి పరిగెత్తితే అప్పటికే దీపం పెట్టేసింది.

"దీపం పెట్టినాక ఉప్పు చేతికి ఈను తల్లా. మీ ఊళ్లో ఇస్తారా?"

"మా ఊళ్లోనూ ఇయ్యరక్కా."

"మరి?" అని ఒక్క నిమిషం ఆలోచించి, దూలానికి వేలాడే బుట్టలోంచి రెండు ఉప్పుచేపలు తీసి నా కొంగులో వేసింది. "ఇవి చేపలు. ఉప్పు గాదు. పులుసులో వెయ్యి." అంత మంచి రొయ్యల పులుసు నేను ఇంటి దగ్గర ఎప్పుడూ వండలేదు.

మరో సంగతి ఆ సాయంత్రమే చూశాను. ఒక పడవ వచ్చి కెరటాలకు అవతలే ఆగింది. ఇంజను చప్పుడు, అలల హోరు. పోలమ్మ ఒడ్డున నిలబడి చెయ్యి నెత్తి మీద పెట్టింది. పడవలోంచి పాలెం మనిషి ఒకతను రెండు చేతులూ జాడించాడు. ఆమె గుప్పిట పొట్టకు తాకించింది. అతను చెయ్యి ఎత్తాడు. "ఏమంటున్నాడక్కా?" అని అడిగాను. "చేప పళ్లేదంట. అన్నం తిన్నాడంట" అంది ఆమె, పక్కింటావిడతో మాట్లాడి వచ్చినంత మామూలుగా. "ఇంజను దగ్గర గొంతులు పనికిరావు. ఈడ అందరం చేతుల్తోనే."

నీళ్లూ ఆకాశమూ ఒకే రంగులోకి వెళ్లిపోయేదాకా అక్కడే కూర్చుండిపోయాను. గిన్నెలు తోమాలని కూడా గుర్తు రాలేదు.

మొగ

మెలకువ వచ్చేసరికి టెంటు గుడ్డ లోపలి వైపు మంచు చెమ్మ. బయట అంతా పాల రంగు. సరుగుడు ఆకులు గాలికి ఆపకుండా ఏదో చెప్పుకుంటున్నట్టు సన్నటి చప్పుడు. సముద్రం బూడిద రంగులో, నిద్రలో అటు తిరిగి పడుకున్న మనిషిలా నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. నాకు కల ఎక్కడ ఆగిందో, మెలకువ ఎక్కడ మొదలైందో తెలియలేదు. చెప్పుల్లేకుండా నడిచాను. ఇసుక చల్లగా ఉంది. తడి ఇసుక మీద ట్రాక్టరు చక్రం ముద్ర లాంటి ఒక జాడ, నీళ్లలోంచి పైకి వచ్చి, ఒక చోట గుంట చేసి, మళ్లీ నీళ్లలోకి పోయింది. తాబేలు గుడ్లు పెట్టి పోయిన దారి అని పోలమ్మ తర్వాత చెప్పింది. వలలో పడితే దండం పెట్టి వదిలేస్తారట.

వెనక్కి వచ్చేసరికి ఆయన టెంటులో లేరు.

తూర్పున ఎర్రటి అంచు కనబడుతోంది. ఆ వెలుతురులో చూస్తే ఆయన మొగకు అవతల, దిబ్బ మీద ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి తాబేలు జాడలు చూసుకుంటూ, పొలం గట్టు మీద నడిచినంత నింపాదిగా నడుస్తున్నారు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. ఇరవై ఏళ్లలో ఆ మనిషిని తొందర లేకుండా చూడలేదు నేను.

అప్పుడే పోలమ్మ నీళ్ల బిందె కింద పెట్టేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఆయన్ని రమ్మను! పోటు మొదలైంది, రమ్మను!"

మొగలోకి చూశాను. రాత్రి సముద్రంలోకి పారుతున్న నీళ్లు ఇప్పుడు ఏట్లోకి ఎదురు పారుతున్నాయి. చప్పుడు లేదు. నురగ కూడా లేదు. నిన్న సాయంత్రం పిల్లలు మోకాటి లోతులో ఆడుకున్న చోట ఇసుక కనబడటం లేదు.

పిలిచాను. పిల్లలు లేచి వచ్చారు. ముగ్గురం కలిసి పిలిచాం. అభి ఇంటి దగ్గర ఎంత అరుస్తాడో దానికి పదింతలు అరిచాడు. పాలెంలో కుక్కలు మొరిగాయి. నీళ్ల పిట్టలు లేచిపోయాయి. ఆయన తల ఎత్తలేదు. నిన్న పెద్దాయన చెప్పినప్పుడు తల ఊపారే గానీ ఒక్క ముక్క వినలేదని నాకు అప్పుడు అర్థమైంది. 

"నాయనా!" అని హర్షిత మళ్లీ అరిచింది. 

అప్పుడే వేట నుంచి ఒడ్డెక్కిన జాలయ్య మా అరుపులు విని వచ్చాడు. "అరవబాకండి, ఉపయోగం లేదు. ఆయన ఇటు చూసేటట్టు చెయ్యండి ముందు" అన్నాడు. సూర్యుడు సముద్రంలోంచి అప్పుడే పైకి వచ్చాడు. హర్షిత టెంటు దగ్గరకు పరిగెత్తి స్టీలు పళ్లెం తెచ్చింది. క్యాంపులో నేర్పారట. పళ్లెం ఎండకు తిప్పి, ఆ మెరుపును దిబ్బ మీదికి విసిరింది. తప్పిపోయింది. మళ్లీ విసిరింది. మూడోసారి ఆయన మొహం మీద పడింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూశారు. నవ్వుతూ చెయ్యి ఊపారు! మేం ఆడుకుంటున్నామనుకున్నారు.

నాకు ఏమి తోచిందో చెప్పలేను. కొత్తగా పెళ్లయినప్పుడు మిల్లుకు క్యారేజీ తీసుకుపోయేదాన్ని. ఆ మోతలో వాళ్లు మాట్లాడుకోరు. పైనున్నవాడు రెండు చేతులూ తల పైన అడ్డంగా పెడితే కిందివాడు మిషను ఆపేస్తాడు. నేను రెండు చేతులూ ఎత్తి తల పైన అడ్డంగా పెట్టాను. కదలకుండా అలాగే నిలబడ్డాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. చుట్టూ చూశారు. నీళ్లు చూశారు.

దిగబోతుంటే జాలయ్య అరచేయి నిలువుగా పెట్టి ఆపాడు. తర్వాత చేత్తో దారి చూపించాడు: నేరుగా కాదు, ఏటి వైపు పైకి, నీళ్లు లేత రంగులో ఉన్న చోటుకి. ఆయన అలాగే నడిచారు. జాలయ్య చెయ్యి పక్కకు తిప్పితే పక్కకు, ఆపితే ఆగి, ఊపితే ముందుకు. ఒక్క మాట లేదు. నీళ్లు తొడల దాకా, నడుం దాకా, రొమ్ము దాకా వచ్చాయి. మధ్యలో ఒకసారి కాలు జారి భుజాల దాకా మునిగారు. హర్షిత పళ్లెం జారవిడిచి నా మణికట్టు పట్టుకుంది; గాజు ఒకటి విరిగిందని నాకు తర్వాత తెలిసింది. జాలయ్య నడుముకు తాడు కట్టుకుని దిగి, చివరి పది గజాలు చెయ్యి అందించి లాక్కొచ్చాడు.

ఒడ్డున ఇసుకలో కూలబడ్డారు. కాసేపు ఊపిరి తీసుకుని, "ఎంతసేపట్నించి పిలస్తా ఉండారు?" అని అడిగారు.

 "అలల మోతలే" అన్నారు ఆయనే. ఎవరి మొహమూ చూడకుండా.

జాలయ్య చెవి

పోలమ్మ వేడి వేడి రాగి గంజి తెచ్చి పోసింది. జాలయ్య ఆయన పక్కన, ఆయన మొహానికి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. గట్టిగా, నిదానంగా మాట్లాడాడు.

"అన్నా, నాకు ఈ ఎడం చెవి పోయి ఆరేళ్లు. ఇంజను మింగేసినాది. మా పాలెంలో ఇంజను పట్టుకునే మొగోళ్లందరికీ ఇంతే. నీకు యాడ పోయినాది?"

మా ఆయన గంజి గిన్నె కింద పెట్టారు.  ఇప్పుడు లేచి పోతారనుకున్నాను.

"మిల్లులో" అన్నారు.

"ఇంట్లో చెప్పినావా?"

"నువ్వు చెప్పినావా?"

"నేను చెప్పేదేంది? ఆమే నాకు చెప్పింది!" అని జాలయ్య పోలమ్మను చూపించాడు. "నీకు చెవుడొచ్చింది, ఇంక నీతో అరవలేను, నా చేతులు చూడు అనింది. చూస్తా ఉండా."

పోలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఆయన కూడా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

మధ్యాహ్నం సరుగుడు నీడలో అభి జాలయ్య దగ్గర చేతి సైగలన్నీ నేర్చుకుంటున్నాడు. అరవడం లేదు. ఆ రెండు గంటలూ వాడి గొంతు లేకుండా ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకే వింతగా అనిపించింది. హర్షిత దూరంగా కూర్చుని ఇసుకను గుప్పిళ్లతో ఎత్తి పోస్తోంది. ఆయన లేచి వెళ్లి ఆ పిల్లకు ఎదురుగా కూర్చున్నారు. ఇంతకుముందెప్పుడూ అలా కూర్చోలేదు. పక్కనే కూర్చుంటారు, టీవీ వైపు చూస్తూ.

"పళ్లెం తిప్పేది యాడ నేర్చుకున్నావమ్మీ?"

"క్యాంపులో."

"ఏ క్యాంపు?"

హర్షిత తల ఎత్తింది. "డిసెంబర్ క్యాంపు నాయనా. ఆఖరి రోజు అమ్మానాన్నల్ని పిలిచినారు. నాకు ప్రైజు ఇస్తారని నీకు చెప్పినా. అన్నం తింటా తల ఊపినావు. వస్తానన్నావు." గుప్పిట్లో ఇసుక వదిలేసింది. "సాయంత్రం దాకా గేటు కాడ నిలబడుండినా."

నాకు ఈ సంగతి తెలియదు. ఆ రోజు నేను మా అమ్మ దగ్గర ఉన్నాను. తండ్రి వెళ్లే ఉంటాడనుకున్నాను. ఆ పిల్ల నాకు చెప్పలేదు.

ఆయన "నాకు ఇనపళ్లేదమ్మా" అన్నారు. గొంతు మామూలు కంటే చిన్నగా వచ్చింది, ఎప్పుడూ అరిచే మనిషికి. "నువ్వేదో బడి సంగతి చెప్తా ఉండావనుకున్నా. మళ్లీ అడిగితే చెవుడని తెలిసిపోతాదని తల ఊపినా. అందరి మాటలకీ అట్టనే ఊపతా ఉంటా."

"నీకిష్టం లేక రాలేదనుకున్నా" అంది హర్షిత.

 జరిగి ఆయన కుడి వైపుకు వచ్చి కూర్చుంది. ఎడమ చెవి కంటే కుడి చెవి నయమని ఆ పిల్ల ఎప్పుడు కనిపెట్టిందో! నేను మధ్యలోకి వెళ్లలేదు. మొదటిసారి వాళ్ల మధ్య మాటలు మోయాల్సిన పని లేకపోయింది. లేచి కెరటాల దాకా నడిచి, కాళ్లు తడుపుకుంటూ నిలబడ్డాను. ఎండ వాలుతోంది. నీళ్లు బంగారు పూత పూసినట్టయి, మెల్లగా రాగి రంగుకు తిరిగి, ఆ తర్వాత ఏ రంగూ చెప్పలేనట్టయ్యాయి. వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ ఆ పిల్ల ఏదో చెబుతూనే ఉంది.

ఆదివారం

తిరిగి వచ్చాక ఏమైందో ముందే చెప్పేస్తాను. నెల్లూరులో చెవుల పరీక్ష చేయించాం. ఎడమ చెవి దాదాపు పోయిందన్నారు, కుడి చెవి సగం ఉందన్నారు. ఇంత కాలం ఎందుకు ఆగారని డాక్టరమ్మ నన్ను కోప్పడింది. చెవికి వినికిడి మిషను పెట్టుకున్నారు. మొదటి వారం చిరాకుపడ్డారు, గిన్నెల చప్పుడు నెత్తి మీద కొట్టినట్టుందన్నారు. ఇప్పుడు అలవాటైంది. మిల్లులో చెవులకు దూది పెట్టుకుంటున్నారు. పక్కవాళ్ల చేతా పెట్టిస్తున్నారు.

కానీ నాకు ఎక్కువ గుర్తుండేది ఆసుపత్రి కాదు, ఆదివారం తిరుగు ప్రయాణంలో తోటపల్లి గూడూరు సెంటర్లో ఆగిన టీ బంకు.

పాలెంలో టెంటు విప్పి, ఇసుక బస్తాలు ఖాళీ చేసి, సీసాలన్నీ ఏరి బయలుదేరాం. పోలమ్మ ఒక ఉప్పుచేపల మూట ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. నేను నెయ్యి సీసా వదిలి వచ్చాను. ఆటోలో ఈసారి ముందు సీట్లో హర్షిత కూర్చుంది. వెనక హారన్ మోగితే ఆయన భుజం తట్టేది. ఆయన పక్కకు తీసేవారు. నేను వెనక మూటల మీద, అభి తల ఒళ్లో పెట్టుకుని, వెనక్కి జరిగిపోయే రొయ్యల గుంటలు చూస్తూ కూర్చున్నాను. నిద్రా కాదు, మెలకువా కాదు.

టీ బంకు దగ్గర జనం బాగా ఉన్నారు. బెంచీ నిండా మనుషులు, పొయ్యి బుసలు, రోడ్డు మీద లారీలు. ఆయన దిగి వెళ్లి నాలుగు వేళ్లు చూపించారు. టీ మనిషి పాలు తిప్పుతూ, తల ఎత్తకుండా ఏదో అడిగాడు. నాకు తెలుసు, ఇప్పుడు ఆయన తల ఊపుతారు. ఏం వస్తే అది తాగుతాం. ఇరవై ఏళ్లుగా అలాగే తాగాం.

ఆయన తల ఊపలేదు. బల్ల మీద చెయ్యి పెట్టి, కొంచెం ముందుకు వంగారు.

"అన్నా, నాకు చెవులు సరిగ్గా ఇనపడవు. ఇటు తిరిగి, గట్టిగా చెప్పన్నా."

బెంచీ మీద ఒకరిద్దరు తల తిప్పి చూశారు.  మా ఆయన ఆ మాట తనంతట తాను నాకు చెప్పలేదు, తన తల్లికి చెప్పలేదు, పక్కన పనిచేసేవాళ్లకు చెప్పలేదు. పేరు తెలియని మనిషికి, పదిమందిలో, టీ అడిగినంత మామూలుగా చెప్పారు.

టీ మనిషికి అది వింత కూడా కాలేదు. గరిటె పట్టుకునే ఇటు తిరిగి, "చక్కెర తక్కువెయ్యాల్నా అని అడిగినా!" అని వీధంతా వినేలా అరిచాడు.

"వద్దు, బాగా ఎయ్యి" అన్నారు ఆయన.